కంటితో వినే పాట

(ఒక సంగీత పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న తల్లిదండ్రులకు, వెనక వరుసల్లో తంబురా శ్రుతి చేసినంత శ్రద్ధగా ఫోన్లు సవరించుకుంటున్న విద్యార్థులకు నమస్కారం. "సంగీతం, సమాజం" అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. అంత విస్తీర్ణం నాకు చేతకాదు కాబట్టి, వారాంతాల్లో రాత్రి భోజనాల వేళ మన ఇళ్లలో కనిపించే ఒక విషయానికే పరిమితమవుతాను. టెలివిజన్‌లో పాటల పోటీ నడుస్తున్నప్పుడు మనం పాటను వింటున్నామా, పాడేవారిని చూస్తున్నామా, చూసినదాన్నే విన్నామనుకుంటున్నామా అన్నది నా ప్రశ్న.

ఇతరుల సంగతి చెప్పే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక టెలివిజన్ పోటీకి జరిగిన తొలి దశ ఆడిషన్లలో ముగ్గురు న్యాయనిర్ణేతలలో నేనొకడిని. మా చేతికిచ్చిన మార్కుల కాగితంలో శ్రుతికి, లయకు, ఉచ్చారణకు, భావానికి విడివిడిగా గళ్లు ఉన్నాయి, చివర "ప్రెజెంటేషన్" అని మరో గడి ఉంది. ఆ మధ్యాహ్నం ఇద్దరు అమ్మాయిలు ఒకే పాట పాడారు. మొదటి అమ్మాయి నిటారుగా నిలబడి, నవ్వు చెదరకుండా, మా ముగ్గురి కళ్లలోకి చూస్తూ పాడింది. రెండో అమ్మాయి వెలిసిపోయిన చుడీదార్‌లో వచ్చింది. పలువరస కొంచెం ఎత్తు. పైస్థాయికి వెళ్లినప్పుడల్లా చెయ్యి నోటి దగ్గరకు పోయేది. మొదటి అమ్మాయి ఎంపికైంది. రెండో అమ్మాయి కాగితం మీద "మంచి గొంతు, ఆత్మవిశ్వాసం తక్కువ" అని రాసి పక్కన పెట్టాను.

కొన్ని వారాల తర్వాత, వేరే పని మీద ఆ రోజు రికార్డింగులు నాకు వచ్చాయి, పేర్లు లేకుండా, శబ్దం మాత్రమే. రైలు ప్రయాణంలో వింటూ, ఒక గొంతు దగ్గర ఆగిపోయాను. అవరోహణలో ప్రతి స్వరం దాని చోట దీపం పెట్టినట్టు నిలబడింది. ఆ పక్క గొంతు పల్లవిలోనే రెండు చోట్ల శ్రుతి దిగింది. నిలబడిన గొంతు ఎవరిదో మీరు ఊహించే ఉంటారు. నన్ను కలవరపెట్టింది ప్రెజెంటేషన్ గడిలో తక్కువ మార్కులు వేయడం కాదు, అది ఆ గడి పనే అనుకోవచ్చు. ఆ అమ్మాయికి నేను శ్రుతి గడిలో కూడా తగ్గించి వేశాను. నా కన్ను తనకు కేటాయించిన గడిలో ఊరుకోకుండా, నాకు తెలియకుండా, చెవి గడిలో చెయ్యి పెట్టింది.

ఇది నా ఒక్కడి బలహీనత కాదని తర్వాత తెలిసి కొంత ఊరట, మరికొంత భయం కలిగాయి. 2013లో చియా జంగ్ త్సాయ్ అనే పరిశోధకురాలు, స్వయంగా పియానో విద్వాంసురాలు, శాస్త్రీయ సంగీత పోటీల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్ద పోటీల్లో చివరి దశకు చేరిన ముగ్గురి వాయిద్యాన్ని కొందరికి శబ్దంగా మాత్రమే వినిపించారు, కొందరికి శబ్దం తీసేసి దృశ్యం మాత్రమే చూపించారు, మరికొందరికి రెండూ కలిపి ఇచ్చి, గెలిచింది ఎవరో చెప్పమన్నారు. మూగ దృశ్యం చూసినవారే విజేతను ఎక్కువగా గుర్తుపట్టారు. ముగ్గురిలో ఒకరిని గుడ్డిగా ఎంచినా మూడింట ఒక వంతు సరిపోతుంది, వీరు సగం పైగా సరిగ్గా చెప్పారు. విన్నవారు ఆ మూడింట ఒక వంతును కూడా దాటలేకపోయారు. సంగీతమే వృత్తిగా గలవారి పరిస్థితి కూడా వేరుగా లేదు. అయితే ఆ వాద్యకారుల అందం వల్ల ఇలా జరిగిందని ఆ అధ్యయనం చెప్పలేదు, కదలికలో కనిపించే ఆవేశం, తాదాత్మ్యం చూపరులను ఆకట్టుకున్నాయని చెప్పింది. ఈ తేడాను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

మన తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. పద్యనాటకం ఆడుతున్న పందిరి కింద మన తాతలు చెవులతో చూశారు. ఈలపాట రఘురామయ్యగారు, పీసపాటి నరసింహమూర్తిగారు వయసు మీరినా కృష్ణుడి వేషం కట్టారు, పద్యం ఎత్తుకోగానే జనం వన్స్‌మోర్ అన్నారు. కిరీటం కింద ఉన్నది కుర్ర కృష్ణుడు కాదని తెలియనంత అమాయకులు కారు వాళ్లు. పద్యంలో కృష్ణుడు ఉన్నప్పుడు ముఖంలో వెతకవలసిన అవసరం వారికి రాలేదు. 1932లో తొలి తెలుగు టాకీ వచ్చేనాటికి కూడా పాడగలవారే నటులు. సురభి కమలాబాయిగారు, ఆ తర్వాత నాగయ్యగారు, భానుమతిగారు తమ పాట తామే పాడుకున్నారు. పాట, ముఖం ఒకే మనిషిలో ఉండి తీరవలసిన ఆ రోజుల్లో, ఆ రెండింటిలో ఏదో ఒకటి లేనివారికి తలుపు మూసుకుపోయేది.

నేపథ్యగానం ఆ ముడి విప్పింది. ఘంటసాల, సుశీల, జానకి అన్న పేర్లు వినగానే మన తల్లిదండ్రుల మనసులో ముఖం కంటే ముందు ఒక స్వరం పలికేది. తెర మీద పెదవులు ఒకరివి, గొంతు మరొకరిది. దీన్ని మోసం అన్నవారు లోకంలో ఉన్నారు, మనకు మాత్రం అది ఒప్పందం. పేరు బయటికి చెప్పి, రికార్డు మీద అచ్చువేసి చేసిన ఒప్పందం. అదే పని పేరు దాచి చేసినప్పుడు ఎలా ఉంటుందో 2008లో బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో లోకమంతా చూసింది. వేదిక మీద పెదవులు కదిపింది తొమ్మిదేళ్ల పాప, గొంతు ఏడేళ్ల మరో పాపది. కెమెరాకు కనిపించే బాలిక దేశ ప్రతిష్ఠకు తగ్గట్టు లోపం లేకుండా ఉండాలన్నది కారణమని ఆ కార్యక్రమ సంగీత దర్శకుడే తర్వాత చెప్పారు. ఏడేళ్ల పిల్లకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసు. ఆ సందులు దేశానికి అడ్డమొచ్చాయి!

ఇక ఆకాశవాణి. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక కళాకారుల ఎంపికకు ఆడిషన్ పద్ధతిని కట్టుదిట్టం చేశారు. పాడేవారు ఎవరో పరీక్షించేవారికి తెలియకూడదు, ముఖం కనబడకూడదు. పెద్ద పెద్ద విద్వాంసులు దీన్ని అవమానంగా భావించి నిరసన తెలిపారు, ఆ కోపంలో న్యాయమూ ఉంది. సినిమా పాటను రేడియో గడప తొక్కనివ్వని ఆ మంత్రిగారి అభిరుచులన్నింటితో నేను ఏకీభవించను. అయినా యువకుడిగా విజయవాడ కేంద్రంలో ఆ ఆడిషన్‌కు కూర్చున్నవాడిగా ఒక మాట చెబుతాను. గదిలో మైకు, నేను, తంబురా. వినేవారు ఇంకెక్కడో స్పీకర్ ముందు కూర్చున్నారు. నేనొక అంకెను మాత్రమే. అరిగిన చెప్పులు బయట వదిలి, చిరుగు కనబడకుండా చొక్కా మడిచి పెట్టుకుని వెళ్లిన నాకు, ఆ అంకె ఇచ్చినంత గౌరవం ఆ తర్వాత ఏ శాలువా ఇవ్వలేదు.

టెలివిజన్ వచ్చాక ముఖం, గొంతు మళ్లీ ఒకే మనిషిలో ఉండవలసి వచ్చింది. దీన్ని నెమ్మదిగా అర్థం చేసుకోవాలి. 1995లో హిందీలో జీ టీవీ పాటల పోటీ మొదలైంది. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి "పాడుతా తీయగా" మొదలైంది. ఆ కార్యక్రమం చూసినవారికి గుర్తుండే ఉంటుంది, పోటీదారు పాట ముగియగానే చర్చ వచ్చేది "ళ" దగ్గరకు, "శ", "ష" తేడా దగ్గరకు, చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకున్నావు అన్న దగ్గరకు. బాలుగారు స్వయంగా భారీ మనిషి, ఏ కథానాయకుడికి పాడితే ఆ కథానాయకుడి గొంతులా వినిపించిన మనిషి. ముఖానికీ గొంతుకూ మధ్య దూరం ఎంత ఉండవచ్చో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు అరుదు. కెమెరా ఉన్నా అక్కడ కొలబద్ద గొంతుదే.

విదేశాల నుంచి వచ్చిన నమూనాలు కొలబద్దను మార్చాయి. 2002లో అమెరికన్ ఐడల్ మొదలైంది, 2004లో మన దేశానికి ఇండియన్ ఐడల్‌గా వచ్చింది. అదే 2004లో బ్రిటన్‌లో మొదలైన పోటీ తన పేరులోనే "ఎక్స్ ఫ్యాక్టర్" అని పెట్టుకుంది. ఆ ఎక్స్ ఏమిటో ఎవరూ నిర్వచించరు. ఐడల్ అన్న మాటను గమనించండి. విగ్రహం అని అర్థం. విగ్రహాన్ని వింటామా?

ఈ సందర్భంలో అందరూ చెప్పే ఉదాహరణ సూసన్ బాయిల్. స్కాట్లండ్‌లో బ్లాక్‌బర్న్ అనే చిన్న ఊరి మహిళ, 47 ఏళ్ల వయసులో బ్రిటన్స్ గాట్ టాలెంట్ వేదిక ఎక్కారు, ఆ భాగం 2009 ఏప్రిల్ 11న ప్రసారమైంది. రేగిన జుట్టు, పాతకాలపు గౌను. వృత్తి గాయని కావాలని ఉందని ఆమె చెప్పినప్పుడు ప్రేక్షకులు నవ్వారు, కళ్లు తిప్పుకున్నారు. పాట మొదలైన కొన్ని క్షణాలకే అందరూ లేచి నిలబడ్డారు. లోకమంతా ఆ దృశ్యాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. రూపం మీద ప్రతిభ గెలిచిందని రాశారు.

ఆ దృశ్యాన్ని మరోసారి, ఈసారి కన్నీళ్లు తుడుచుకుని చూడండి. న్యాయనిర్ణేతల ముందుకు రాకముందే పోటీదారులు నిర్మాతల వడపోత దాటుతారు, ఈ పోటీలన్నింటిలోనూ ఆ అంచె ఉంటుంది. అంటే ఆమె ఎంత బాగా పాడుతుందో కార్యక్రమాన్ని తయారుచేసినవారికి ముందే తెలుసు. తెలిసీ, ప్రేక్షకుల వెక్కిరింపు ముఖాలను ఏరి, ఆమె పాటకు ముందు అతికించారు. రెండేళ్ల ముందు, 2007లో, అదే కార్యక్రమంలో మొబైల్ ఫోన్లు అమ్ముకునే పాల్ పాట్స్ అనే సాదాసీదా మనిషి ఒపెరా పాడి గెలిచారు, అప్పుడూ ఇదే అల్లిక. కాబట్టి అది ఆశ్చర్యం కాదు, ఆశ్చర్యం అనే సరుకు. ఆమె రూపాన్ని వారు పట్టించుకోకపోవడం కాదు, అందరికంటే ఎక్కువ పట్టించుకుని, దాన్ని దేనికి వాడాలో లెక్క వేసుకున్నారు. ఒక న్యాయనిర్ణేత ఆ వేదిక మీదే, అందరూ మీకు వ్యతిరేకంగా ఉన్నారని ఆమెతో ఒప్పుకున్నారు. నిజాయతీ గల మాటే. అయితే 47 ఏళ్ల మనిషికి పాడటం రావచ్చు అన్నది అంత పెద్ద వార్త ఎందుకైందో ఎవరూ అడగలేదు. ఆమె 1999లోనే ఒక స్థానిక సేవా కార్యక్రమపు సీడీ కోసం పాట రికార్డు చేశారు. గొంతు పదేళ్లుగా అక్కడే ఉంది. పోటీలో ఆమె రెండో స్థానంలో నిలిచారు, అలసటతో కొన్ని రోజులు చికిత్స తీసుకోవలసి వచ్చింది. ఆ నవంబరులో వచ్చిన తొలి ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి వారంలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. కొన్నవారు ఆల్బమ్‌ను విన్నారనే నా నమ్మకం. చెవికి చేరడానికి మాత్రం అంత తిరుగుడు దారి పట్టింది.

మన దేశంలో దీనికి తోబుట్టువు లాంటి కథ రాను మండల్‌ది. పశ్చిమ బెంగాల్‌లోని రాణాఘాట్ రైల్వే స్టేషన్‌లో పాడుతూ ఉన్న ఆమె వీడియో 2019లో దేశమంతా తిరిగింది. టెలివిజన్ పోటీ వేదిక మీదకు పిలిచారు, సినిమాలో పాడించారు. అదే ఏడాది నవంబరులో ఆమె అలంకరణ చేసుకున్న ఫొటో ఒకటి బయటికి వచ్చేసరికి, ముఖం తెల్లగా పూశారని అదే దేశం పగలబడి నవ్వింది. ఆ ఫొటోను ఎవరో మార్చారని అలంకరణ చేసినవారు చెప్పుకున్నారు, వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. చిరిగిన బట్టల్లో ఉన్నంతసేపు ఆమె పాటను మెచ్చుకున్నాం, అందంగా కనబడాలని ఆమె కోరుకున్న క్షణాన వెక్కిరించాం. మనం ఆమెకు ఇచ్చిన వేషం బీదరాలి వేషం, దాన్ని ఆమె మధ్యలో మార్చుకుందన్నది మన కోపం.

ఈ రెండు కథల మధ్య నుంచి నేను చెప్పదలచుకున్న విషయం బయటికి వస్తుంది. టెలివిజన్ పోటీలో అందగత్తెలకే చోటు, అందం లేనివారికి చోటు లేదు అని మనం అనుకుంటాం. అది సరికాదు. అందగత్తెకు చోటు ఉంది, చూడగానే జాలి కలిగించే మనిషికీ చోటు ఉంది. చోటు లేనిది మామూలు ముఖానికి. పరిశ్రమలో "ఏవీ" అంటారే, పాటకు ముందు చూపించే ఆ రెండు మూడు నిమిషాల చిత్రం, దానిలో ఒక పూరిల్లో, ఆటో నడిపే తండ్రో, అమ్మ కన్నీళ్లో ఉండాలి. అందమైన పిల్లకు ఏవీ లేకపోయినా నడుస్తుంది. రూపం అంతంతమాత్రం అనిపించినవారు పాటతో పాటు కష్టాన్ని కూడా మోసుకు రావాలి. తండ్రి గుమాస్తా, ఇల్లు అద్దె ఇల్లు, ముఖం మన వీధిలో రోజూ కనిపించే ముఖం, గొంతు మాత్రం అపురూపం అయిన పిల్లను ఏం చేయాలో ఆ కార్యక్రమానికి తెలియదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ అమ్మాయి అలాంటి పిల్లే. ఆమెను చూసి ఎవరూ నవ్వరు, ఎవరూ ఏడవరు. ఏడుపూ నవ్వూ రెండూ పుట్టనిచోట కెమెరా ఆగదు.

ఈ బరువు అబ్బాయిల మీద, అమ్మాయిల మీద సమానంగా పడదన్న సంగతి మీలో చాలామందికి చెప్పనక్కరలేదు. అమెరికన్ ఐడల్‌లో 2003లో భారీకాయుడైన రూబెన్ స్టడర్డ్ గెలిచాడు, ఆ ఆకారమే ముద్దుపేరుకు ఆధారమైంది. 2006లో అదే వేదిక మీద మాండీసా అనే గాయని ఆడిషన్ ముగించి వెళ్లగానే, ఆమె శరీరం మీద ఒక న్యాయనిర్ణేత వేదిక పెద్దది కావాలేమో అన్న అర్థంలో హాస్యమాడారు. ఆమె తర్వాత అతని ఎదుటే క్షమించానని చెప్పారు, ఆ పెద్దరికం ఆమెది. మన దగ్గర శరీరానికి తోడు రంగు కూడా ఉంది. మేకప్ గదిలో నుంచి బయటికి వచ్చిన పిల్లను చూసి తల్లి గుర్తుపట్టలేకపోయిన సంఘటన నేను స్వయంగా చూశాను. తల్లి సంతోషించింది. నేను ఆమె సంతోషాన్ని తప్పుపట్టలేను.

ఇందుకు మందుగా నెదర్లాండ్స్‌లో 2010లో ది వాయిస్ అనే పోటీని తయారుచేశారు. న్యాయనిర్ణేతల కుర్చీలు వెనక్కి తిరిగి ఉంటాయి, గొంతు నచ్చితే మీట నొక్కుతారు, కుర్చీ ఇటు తిరుగుతుంది. మన దేశంలోనూ 2015లో వచ్చింది. తెలివైన ఊహ అని ఒప్పుకుంటాను. అయితే వీపు తిప్పి కూర్చున్నది ఆ నలుగురే, ఇంట్లో ఉన్న మనం ఆ గాయకుణ్ణి మొదటి నుంచీ చూస్తూనే ఉంటాం. కుర్చీ తిరిగిన క్షణంలో ఆ న్యాయనిర్ణేత ముఖంలో కలిగే ఆశ్చర్యాన్ని పట్టుకోవడానికి ఒక కెమెరా కాచుకుని ఉంటుంది. మొదటి దశ దాటాక కుర్చీలన్నీ ముందుకే. ఆకాశవాణి గదిలో స్పీకర్ ముందు కూర్చున్నవారికీ వీరికీ తేడా ఇక్కడ ఉంది, అక్కడ చూడకపోవడం ఒక పద్ధతి, ఇక్కడ చూడకపోవడం కూడా ఒక దృశ్యం.

ఇప్పుడు ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. పాట చూడదగింది కాదా? హరికథను కళ్లు మూసుకుని వింటామా? ఆదిభట్ల నారాయణదాసుగారు కాళ్లకు గజ్జె కట్టి, చేతిలో చిడతలతో ఆడుతూ పాడారు కదా? నిజం. నేను ఇందాక గుర్తుంచుకోమన్న తేడా ఇదే. పాడేటప్పుడు మనిషి శరీరంలో పుట్టే కదలిక పాటలో భాగం. కనుబొమ్మ ఎత్తడం, తాళం వేసే చెయ్యి, ఊపిరి బిగపట్టిన భుజం, ఇవన్నీ గాయకుడు సాధనతో సంపాదించుకున్నవి. పలువరస, ఒంటి రంగు, ముక్కు తీరు అతను సంపాదించుకున్నవి కావు. మొదటిదానికి మార్కులు వేస్తే నాకు అభ్యంతరం లేదు. ప్రెజెంటేషన్ అనే గడిలో రెండూ కలిపి పోస్తే అభ్యంతరం. పైగా ఆ సిగ్గుపడే చెయ్యి, నేను ఆత్మవిశ్వాసం తక్కువ అని రాసిన ఆ చెయ్యి, ఆ పళ్లను చూసి లోకం ఇదివరకు నవ్వినందువల్ల నోటి దగ్గరకు పోయిందని అప్పుడు నాకు తట్టలేదు. ముందు నవ్వాం, తర్వాత సిగ్గుపడినందుకు మార్కులు తగ్గించాం.

టెలివిజన్ సంస్థలకు నేను సలహాలు ఇవ్వను. వారి వ్యాపారం వారికి తెలుసు, ఓటు వేసేటప్పుడు మన ఊరివాడా కాదా అని చూసే మన అలవాటు కూడా వారికి తెలుసు. శ్రీరామచంద్ర 2010లో, రేవంత్ 2017లో ఇండియన్ ఐడల్ గెలిచినప్పుడు మన ఇళ్లలో పండుగ జరిగింది, వారి గొంతులు ఆ పండుగకు తగినవే. ఆ గొంతులే మరో భాషవారివైతే ఎంతమందిమి ఓటు వేసేవాళ్లమన్నది వేరే ప్రసంగం. నేను అడిగేది ఇలాంటి పాఠశాలలనే. జిల్లా స్థాయి పోటీలు మీరే పెడతారు, వాటిలో న్యాయనిర్ణేతలుగా నాలాంటివారినే పిలుస్తారు. మొదటి దశకు ఒక పరదా కట్టండి. దుప్పటైనా చాలు. పేరు పిలవకండి, అంకె పిలవండి. పరదా వెనక పిల్ల నడిచి వచ్చే చప్పుడు, గాజుల చప్పుడు కూడా వినబడకుండా కింద చాప పరచండి. శ్రుతికి, లయకు, ఉచ్చారణకు మార్కులు వేసి, కాగితాలు తీసుకుని దాచేశాక, అప్పుడు పరదా తీసి, కదలికను చూసి భావానికి మార్కులు వేయించండి. రెండు కాగితాల మధ్య తేడా ఎంతో ఆ సాయంత్రం న్యాయనిర్ణేతలకే చూపించండి. నాకు ఎవరైనా అలా చూపించి ఉంటే, ఒక అమ్మాయి ఆ మధ్యాహ్నం మెట్లు దిగి వెళ్లిపోయి ఉండేది కాదు.

నా మాటలు ముగిశాక ఇక్కడ ఇద్దరు విద్యార్థినులు పాడబోతున్నారు. వారు పాడినంతసేపు ఈ వేదిక తెర దించి ఉంచమని పొద్దున నిర్వాహకులను అడిగాను. వారు మొహమాటపడి, పిల్లలకు కొత్త పట్టులంగాలు కుట్టించారని, వీడియో తీసే అబ్బాయి బయలుదేరి దారిలో ఉన్నాడని చెప్పారు. నా మనవరాలు ఇక్కడ పాడుతూ ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. మొదటి పాటకు తెర దిగి ఉంటుంది, రెండో పాటకు లేస్తుంది. మొదటి పాట ఎవరు పాడుతున్నారో ప్రకటించరు. దయచేసి ముందు వరుసలో ఉన్న తల్లులు గొంతు గుర్తుపట్టినా పైకి అనకండి.